ఇంజనుకు చెప్పిన మాటలు

డీజిలింజను స్టార్టు కాకపోవడానికి కారణాలు మూడే మూడు. డీజిలు అందకపోవడం, గాలి అందకపోవడం, లోపల ఒత్తిడి లేకపోవడం. నాలుగోది ఉందని ఎవరైనా అంటే వాడికి పని రాదని అర్థం. ముప్పై ఏళ్ళుగా ఈ మాట అందరికీ చెబుతూ వచ్చాను. పోయిన ఫిబ్రవరిలో పెంచలకృష్ణ బోటుకు ఆ నాలుగో కారణం నేనే అయ్యాను.

నా పేరు మాలకొండయ్య. మైపాడుకు ఉత్తరంగా నాలుగు మైళ్ళు పోతే వచ్చే పాళెం మాది. నూట ఇరవై గడప, అరవై దాకా ఫైబరు బోట్లు. ఆ బోట్ల ఇంజన్లన్నీ నా చేతి మీదుగా పోయినవే. నెల్లూరు నుంచి మెకానిక్కును పిలిపిస్తే వాడు ఆటో దిగి, బూట్లలోకి ఇసుక పోయిందని గొణిగి, పానా కింద పెట్టి ముందు టీ అడుగుతాడు. నేను అట్లా కాదు. బోటు ఒడ్డుకు వస్తుండగానే చప్పుడు విని రోగం చెప్పేస్తాను. ఈ గొప్పలు చెప్పుకుందామన్నా పోయిన ఏడాది నాకు వినేవాళ్ళు లేకుండా పోయారు.

జరిగింది ఇది. దక్షిణం వైపు నుంచి పెద్ద బోట్లు మా ఒడ్డు దాకా వచ్చి మా వలలు చించుకుని పోతున్నాయి. ఆగస్టులో వాటిల్లో ఒకటి ఇంజను చెడి మా పాళెం ఎదుటే ఆగిపోయింది. మావాళ్ళు చుట్టుముట్టి లంగరు వేయించారు. మీ ఊరి పెద్దలు వచ్చి జవాబు చెప్పేదాకా కదలనిచ్చేది లేదన్నారు. రెండు రోజులు ఆ బోటువాళ్ళు ఇంజను తిప్పుతూనే ఉన్నారు. అది గురగురమనడం, దగ్గడం, ఆగిపోవడం. నా గుడిసె సముద్రానికి దగ్గర. అన్నం తింటున్నా అదే చప్పుడు, నడుం వాల్చినా అదే చప్పుడు. చంటిబిడ్డ ఏడుపు విన్న తల్లిలాగా నన్ను అది నిలవనీయలేదు. మూడో రోజు వెలుగు రాకముందే తెప్ప వేసుకుని పోయి, నాజిలు విప్పి కడిగి బిగించి వచ్చాను. వాళ్ళు నాకొక దణ్ణం పెట్టి, లంగరు తాడు కోసుకుని, మావాళ్ళు కళ్ళు నులుముకునే లోపల మాయమైపోయారు. ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అని మా అమ్మ నన్ను ఊరికే అనలేదు.

ఆ సాయంత్రం పెద్దలు కూర్చున్నారు. పెద్దాయన పద్మనాభయ్య నన్ను ఒక్క ప్రశ్నే అడిగాడు.

"ఎందుకు చేసినావురా?"

"ఆ చప్పుడు వినలేకపోయినానన్నా."

నిజం చెబితే నమ్మేవాడు ఒక్కడూ లేడు. దురాయి వేశారు. మా తీరంలో దురాయి అంటే పెద్దలు పెట్టే కట్టు. వచ్చే వైశాఖంలో గంగమ్మ కొలుపు జరిగేదాకా నాతో, నా ఇంటితో ఎవరూ మాట్లాడకూడదు, మొహం చూడకూడదు. మాట్లాడినవాడికీ అదే గతి.

నా భార్య విజయకుమారి వారం రోజులు ఓర్చుకుంది. చేపల బుట్ట పక్కన కూర్చునే ఆడవాళ్ళు ఆమెను చూసి తల తిప్పుకుంటుంటే ఎనిమిదో రోజు మూట కట్టింది. "నువ్వు చేసిన ఘనకార్యానికి నేనెందుకు మూగదాన్ని కావాల? కొలుపుకి వస్తాలే" అని చిట్టమూరు దగ్గర వాళ్ళ అన్న ఇంటికి పోయింది. ఆదివారాలు ఫోను చేసి తిన్నావా అని అడిగేది. తిన్నానని చెప్పేవాణ్ణి. ఆ తర్వాత ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలిసేది కాదు.

మాట లేకుండా బతకడం ఉపవాసం లాంటిది కాదు. ఉపవాసానికి కడుపు కొన్నాళ్ళకు అలవాటు పడుతుంది. చెవులు అలవాటు పడవు. కామమ్మ అంగడికి పోతే ఆమె నేను వేలు చూపించిన సరుకు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయేది. అంతకు ముందు నన్ను చూస్తే చాలు, బీడీలు మానమని తిట్టేది. ఆ తిట్లు కూడా కరువయ్యాయి. ఉండబట్టలేక అప్పుడప్పుడు మైపాడు బీచికి నడిచిపోయేవాణ్ణి. సెలవు రోజుల్లో అక్కడికి వచ్చే జనం "టాయిలెట్లు ఎటు వైపు?" అని అడిగితే, పెళ్ళికి పిలిచినంత సంబరంగా దగ్గరుండి చూపించేవాణ్ణి.

దురాయి పడిన పదో రోజు పద్మనాభయ్య బోటే మొరాయించింది. ఇద్దరు మనుషులు ఇంజనును కర్రకు కట్టి మోసుకొచ్చి నా గుడిసె ముందు దించి వెళ్ళిపోయారు. ఆయన ఒక్కడే మిగిలాడు. సముద్రం వైపు చూశాడు. దగ్గాడు. పై పంచె సవరించుకున్నాడు. చివరికి ఇంజను వైపు తిరిగి మొదలుపెట్టాడు.

"ఏమే, నీకేం రోగం? నిన్న బాగానే ఉంటివి గదా. ఇయ్యాల తెల్ల పొగ కక్కతా ఉండావు."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ మింగి, ఇంజను మీద చెయ్యి వేశాను. "నీళ్ళు కలిసిన డీజిలు తాగించినారు నీకు. ట్యాంకు కడిగించమని చెప్పు మీవాళ్ళకి" అన్నాను.

పెద్దాయనే దారి చూపించాక ఊరికి అడ్డేముంది? దురాయి మనిషికే గానీ ఇంజనుకు కాదని తేలిపోయింది. అప్పటినుంచి ఎవరి ఇంజను మొరాయించినా వాళ్ళు వచ్చి దానితో చెప్పేవాళ్ళు, నేనూ దానితోనే చెప్పేవాణ్ణి. అయితే అందరివీ పొడి మాటలే. నల్ల పొగ వస్తోంది, చమురు తాగుతోంది, వేడెక్కుతోంది. డాక్టరు దగ్గర చెప్పుకున్నట్టు చెప్పి వెళ్ళిపోయేవాళ్ళు.

పెంచలకృష్ణ మాత్రం రాలేదు. వాడూ నేనూ ఒకే ఏడు పుట్టాం, ఒకే తెప్ప మీద సముద్రం నేర్చుకున్నాం. నన్ను కొండిగా అని పిలుస్తాడు. నోరు తెరిస్తే మూయడు. అటువంటివాడు ఆర్నెల్లు రాకపోవడానికి కారణం ఒక్కటే, వాడి ఇంజను బాగుంది. జూన్‌లో దాన్ని విప్పి బాగుచేసింది నేనే. నా పనితనం నా మీదికే తిరిగింది.

ఫిబ్రవరి మొదటి వారంలో ఒక పొద్దున, వేటకు పోయే వేళ, వాడి బోటు దగ్గర హ్యాండిలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. తిప్పుతున్నారు, ఆయాసపడుతున్నారు, మళ్ళీ తిప్పుతున్నారు. పానాల సంచి భుజాన వేసుకుని నేనే పోయాను. పిలవందే పోకూడదనే మర్యాద నాకు ఆ క్షణాన గుర్తు రాలేదు.

బోటులో వాడి అల్లుడు వినోద్, ఇంకా ఇద్దరు ఉన్నారు. నన్ను చూసి ముగ్గురూ దిగి వలలు సర్దే వంకతో పక్కకు పోయారు. పెంచలకృష్ణ బోటు అంచు మీద కూర్చుని బీడీ ముట్టించాడు.

"ఏమే ఇంజనూ" అన్నాడు. "ఆర్నెల్ల తర్వాత నీకు మంచి బుద్ధి పుట్టినాదే. ఇన్నాళ్ళూ ఏమైనాది నీకు? నువ్వు చెడిపోతావేమో, చెడిపోతావేమో అని నేను రోజూ ఎదురుచూస్తా ఉంటిని."

నా చేతిలో పానా జారిపోయింది. దాన్ని వెతికే నెపంతో కాసేపు వంగి ఉండిపోయాను. మొహం చూడకూడదు కాబట్టి వాడి కాళ్ళే చూశాను. ఎడమ బొటనవేలి గోరు నల్లబడి ఉంది.

డీజిలు పైపులోకి గాలి చేరింది, అదీ రోగం. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, చేతి పంపు నొక్కుతూ పోతే నురుగు నురుగుగా గాలి వచ్చేస్తుంది. నురుగు ఆగి డీజిలు ధారగా రాగానే స్క్రూ బిగించి, లోపలి ఒత్తిడి వదిలే లివరు ఎత్తిపెట్టి హ్యాండిలు తిప్పాలి. లోపల నాజిలు కిర్రుమని పలుకుతుంది. ఆ కిర్రు వినపడితే డీజిలు అందినట్టు. ఇదంతా ఇరవై నిమిషాల పని. ఆ ఇరవై నిమిషాలూ వాడు మాట్లాడుతూనే ఉన్నాడు. "ఇంజనూ, రాత్రి మా ఇంటిది మామిడికాయేసి కానాగంతల పులుసు చేసినాది. ఆ కొండిగాడుండుంటే సట్టి నాకేసి పోయుండేవాడు" అన్నాడు.

"ఉప్పెక్కువేసుంటాది వదిన. ఇంజనూ, నువ్వే చెప్పు, ఎప్పుడన్నా సరిగా వేసినాదా?" అన్నాను.

వాడు పగలబడి నవ్వాడు. ఇంజను స్టార్టయింది. బోటు అలలు దాటి పోయింది. ఆ రోజంతా నేను ఒంటరిగానే ఉన్నా, ఒంటరిగా అనిపించలేదు.

మర్నాడు మళ్ళీ అదే కథ, ఈసారి వాడే నా గుడిసె దాకా వచ్చి దగ్గి పోయాడు. ఆ మర్నాడూ అంతే. రాత్రంతా బోటు ఇసుక మీద ఉండేసరికి పైపులోకి గాలి చేరుతోంది. ఎక్కడి నుంచి చేరుతోందో పట్టుకోవడం కష్టం. ట్యాంకు కింద ఉండి ఇంజను పైకి పీల్చుకునే చోట సందు ఉంటే డీజిలు బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. పైకి చుక్క తడి కనపడదు. నాలుగో రోజు నాకు అనుమానం వచ్చి, ఫిల్టరు అడుగున పైపు బిగించే బోల్టు చుట్టూ గ్రీజు దట్టంగా పూశాను. సందు అక్కడే ఉంటే గ్రీజు దాన్ని మూసేస్తుంది. తెల్లారి చూద్దామనుకున్నాను.

తెల్లారింది. సంచి పక్కన పెట్టుకుని గుడిసె ముందు కూర్చున్నాను. పెంచలకృష్ణ బోటు దగ్గర ఒక్క తిప్పు. ఒక్కటంటే ఒక్కటే. ఇంజను టకటకమని అందుకుంది. ఏ మెకానిక్కు అయినా ఆ చప్పుడు వింటే మీసం దువ్వుకుంటాడు. నాకు గుండె జారిపోయింది.

రోగం దొరికింది. బోల్టు కింది రాగి వాషరు చీలింది. కొత్త వాషరు వేస్తే అయిదు నిమిషాల పని, మళ్ళీ రెండేళ్ళు చూసుకోనక్కర్లేదు. రెండేళ్ళు! వాడు ఆ రోజు రాలేదు, మర్నాడు రాలేదు. రావాలంటే వాడికి కారణం కావాలి, ఊళ్ళో అందరూ చూస్తుంటారు. మూడో రోజు సాయంత్రం, బోట్లన్నీ ఒడ్డుకు చేరి జనం ఇళ్ళకు పోయాక, నేను పాత గుడ్డ తీసుకుని పోయి ఆ గ్రీజు తుడిచేశాను. తుడిచి, బోల్టును అర మర వదులు చేసి వచ్చాను.

ఎందుకు చేశావని ఎవరైనా అడిగితే నా దగ్గర ఉన్నది ఒకటే జవాబు. వాడి మాటలు వినాలనిపించింది. ఇంతకంటే పెద్ద కారణం కనిపెడదామని చాలాసార్లు చూశాను, దొరకలేదు.

అట్లా నెలన్నర గడిచింది. రోజూ పొద్దున ఇరవై నిమిషాలు. వాడి మోకాలి నొప్పి, కూతురు వేసిన కొత్త పొయ్యి, వినోద్‌కు వల విసరడం కంటే ఫోను చూడడం మీద ఉన్న శ్రద్ధ, అన్నీ ఇంజను విన్నది. నేను కావాలని పంపు నెమ్మదిగా నొక్కేవాణ్ణి. చొక్కా జేబులో కొత్త వాషరు వేసుకునే పోయేవాణ్ణి. ఇవాళ వేసేద్దాం అనుకునేవాణ్ణి. వాడు మాట మొదలుపెట్టేవాడు. రేపు వేద్దాంలే అనుకునేవాణ్ణి. ఒకసారి అందుకున్న ఇంజను వేడి మీద ఆగదని, ఆగినా వెంటనే అందుకుంటుందని నాకు నేను చెప్పుకున్నాను. ఎదుటివాడు చెబితే చెంప పగలగొట్టి ఉండే అబద్ధం అది. నేను చెప్పాను కాబట్టి నమ్మాను.

ఉగాది ఇంకా నాలుగు రోజులుందనగా దక్షిణపు గాలి రేగింది. పదకొండింటికల్లా సముద్రం తెల్లగా నురగలు కక్కుతోంది. బోట్లు ఒకటొకటే వచ్చేశాయి. లెక్క చూసుకుంటే పెంచలకృష్ణది లేదు. నేను ఒడ్డు మీదికి పరుగెత్తాను. "వాళ్ళు కనపడినారా? పెంచలయ్య బోటు కనపడినాదా?" అని అడిగిన ప్రతివాడూ మొహం తిప్పుకున్నాడు. తిట్టాలన్నంత కోపం వచ్చింది. తిట్టినా పలికేవాడు లేడు. అప్పుడే లాగిన గిరిబాబు బోటు దగ్గరికి పోయి, కాలుతున్న దాని ఇంజను మీద చెయ్యి పెట్టి అరిచాను.

"చెప్పవే! వాళ్ళు యాడ?"

గిరిబాబు నా అవస్థ చూసి ఇంజను వైపే తిరిగి జవాబిచ్చాడు. "వల లాగేదానికి ఇంజను ఆపినారంట. మళ్ళీ పట్టలేదంట. ఉత్తరానికి కొట్టకపోతా ఉండారు. రెండు బోట్లు బయల్దేరతా ఉండాయి, గంటైనా పడతాది అంత దూరం పొయ్యేదానికి."

ఉత్తరాన పెన్న సముద్రంలో కలిసే మొగ ఉంది. అక్కడ ఇసుక మేటలు, అడ్డదిడ్డంగా లేచే అలలు. ఇంజను లేని బోటు అందులో పడితే తలకిందులు కావడమే. ఈ గాలికి వాళ్ళు గంట లోపలే అక్కడికి చేరతారు.

గుడిసె దాకా ఎట్లా వచ్చానో తెలియదు. ఫోను మోగింది. పెంచలకృష్ణ. చెవికి పెట్టుకుంటే గాలి హోరు. దాని వెనక హ్యాండిలు తిరుగుతున్న చప్పుడు. వాడు నాతో మాట్లాడడం లేదు. ఫోనును ఇంజను దగ్గర పెట్టాడు, అంతే. ఆ స్థితిలో కూడా పెద్దల మాట దాటని మనిషి వాడు. నేను చెవి అదిమిపెట్టి విన్నాను. నాజిలు కిర్రు లేదు. చుక్క డీజిలు అందడం లేదు.

"ఏమే" అంటున్నాడు వాడు రొప్పుతూ. "గాలి తీసినాం, నాలుగుసార్లు తీసినాం. మళ్ళీ నురుగే వస్తాది. వినోద్‌గాడు తిప్పతా ఉంటే హ్యాండిలు ఎదురు తన్ని మణికట్టు ఇరిగిపోయినాది. ఇంకేం చెయ్యమంటావో చెప్పు."

"ఇంజనూ, ఎక్కడో వాషరు పోయినాది. ఫిల్టరు కింద బోల్టు విప్పి..."

"ఆ బోల్టు విప్పితే ఉండే డీజిలు కూడా పోతాది. అయిదు అతుకులుండాయి. వాషరు చెయ్యి జారి అడుగు నీళ్ళల్లో పడినాదంటే ఇంక అంతే. నెలన్నర నించి చూసి కనిపెట్టలేనోడు ఇప్పుడు అదేనని ఎట్టా చెప్తాడు? ఊహకు చెప్పే మాట మీద విప్పేదా?"

చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అంటారు. ఇక్కడ పోయే ప్రాణాలు నాలుగు, వాటిల్లో నాది లేదు. అయినా నోరు రాలేదు. ఊహ అని ఒప్పుకుంటే వాడు విప్పడు. తెలుసని చెబితే ఎప్పటినుంచి అని అడుగుతాడు. 

"పెంచలా" అన్నాను. ఏడు నెలల తర్వాత వాణ్ణి పేరు పెట్టి పిలిచాను. "ఊహ కాదురా. అదే బోల్టు. నాకు తెలుసు."

 వాడు ఇంజనును వదిలేసి నన్నే అడిగాడు. దురాయి దాటి అడిగాడు.

"నీకెట్టా తెలుసు?"

"నాలుగో రోజే గ్రీజు పూసి చూసినాను. రోగం కుదిరిపోయినాది. నువ్వు రావడం మానేసినావు. మళ్ళీ నేనే తుడిచేసినాను. నువ్వొస్తావని తుడిచినాను రా."

 తిట్టి ఉంటే నా గుండె కాస్త కుదుటపడేది.

"వల దారం తీసుకో" అన్నాను గబగబా. "బోల్టు విప్పి, వాషరు కింద మూడు చుట్లు చుట్టు. దాని మీద సబ్బు బాగా రుద్దు. అదిమి బిగించు. పైపు నిండేదాకా పంపు కొట్టి, అప్పుడు గాలి తియ్యి. లివరు ఎత్తిపెట్టి తిప్పు, వేగం వచ్చినాక దించు. నువ్వే తిప్పు, బొటనవేలు మాత్రం హ్యాండిలు మీదికి చుట్టొద్దు, మళ్ళీ తన్నతాది."

ఆ తర్వాత నాకు వినపడినవన్నీ చప్పుళ్ళే. పానా గీసుకున్న చప్పుడు. ఎవరో దేవుణ్ణి తలుచుకుంటున్న చప్పుడు. అల కొట్టిన చప్పుడు. పంపు టిక్కుటిక్కుమంటూ చాలాసేపు. నా ఎదుట మా ఒడ్డు మీద జనమంతా ఉత్తరం వైపు చూస్తూ గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒక్కడు నా పక్కకు వచ్చి నిలబడితే బాగుండుననిపించింది. హ్యాండిలు తిరిగింది. ఆగింది. మళ్ళీ తిరిగింది. కిర్రుమంది. నేను గట్టిగా అరిచాను, "దించు లివరు!" అని. ఇంజను అందుకుంది. ఫోను ఆగిపోయింది.

నాలుగింటికి బోటు ఒడ్డుకు వచ్చింది. ఊరంతా పడి లాగారు. వినోద్ చేతికి తువాలు చుట్టి ఆటోలో నెల్లూరు తీసుకుపోయారు. పెంచలకృష్ణ నా పక్కనుంచే పోయాడు. నేను కాళ్ళ వైపే చూస్తున్నాను. ఆ కాళ్ళు ఆగలేదు.

వాడు పెద్దలకు చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు ఇంకో ఏడాది దురాయి పడేది. రోజూ ఎదురుచూశాను, ఇవాళ పిలుస్తారు, రేపు పిలుస్తారు అని. ఎవరూ పిలవలేదు. వాడు నెల్లూరు నుంచి వాషరు తెప్పించి తనే వేసుకున్నాడు. రెండో రోజు నుంచి ప్రతి పొద్దున వాడి బోటు దగ్గర ఒక్క తిప్పు వినిపించేది. ఇంజను అందుకునేది. అది దూరమై, చప్పుడు సన్నగిల్లి, అలల హోరులో కలిసిపోయేదాకా వినేవాణ్ణి. ఏప్రిల్‌ సగంలో వేట నిషేధం వచ్చింది. బోట్లన్నీ ఒడ్డెక్కాయి. ఆ చప్పుడు కూడా లేకుండా పోయింది.

వైశాఖంలో కొలుపు వచ్చింది. విజయకుమారి ముందు రోజే మూటతో దిగింది. ఇల్లంతా ఊడ్చి, నా గడ్డం చూసి తిట్టి, పులుసు పెట్టింది. గంగమ్మ ముందు తడిబట్టలతో నిలబెట్టి పద్మనాభయ్య నా నెత్తిన పసుపు నీళ్ళు పోసి, "ఒరే మాలకొండయ్యా" అని మూడుసార్లు పిలిచాడు. దురాయి ఎత్తేసినట్టు. మా పద్ధతి ప్రకారం ఇక గడపకొకరు వరసలో వచ్చి, చేతిలో తమలపాకు పెట్టి, పేరు పెట్టి పిలవాలి.

నూట ఇరవై గడప. ఎంత సందడి! కామమ్మ ఆకు పెడుతూనే "ఏరా, బీడీలు మానినావా లేదా?" అని గద్దించింది. గిరిబాబు నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. అలవాటు పోక నేను తల వంచి నేలకు జవాబులు చెబుతుంటే, "ఒరే, ఇంజను లేదురా ఈడ, మా మొహం చూడు" అని అందరూ గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే వరస వెంబడి చూశాను.

పెంచలకృష్ణ మామూలుగానే తన వంతు వచ్చేదాకా నిలబడి వచ్చాడు. పక్కన వినోద్ ఉన్నాడు. వాడి మణికట్టు వంకరగా అతుక్కుంది. ఇంక వల లాగలేడని, కొడవలూరు దగ్గర రైసుమిల్లులో కాపలా పనికి కుదిరాడని విజయకుమారి ముందు రోజే చెప్పింది. ఎనిమిది, తొమ్మిది నెలల తర్వాత పెంచలకృష్ణ మొహం నేరుగా చూశాను. జుట్టు బాగా నెరిసింది. కళ్ళు నా వైపే ఉన్నాయి. వాడు ఆకు నా చేతిలో పెట్టాడు.

"మాలకొండయ్య గారూ" అన్నాడు.

ఎగతాళి అనుకున్నాను. నవ్వబోయాను. వాడు నవ్వలేదు.

"పెంచలా... ఇంజను బాగుందా?" అని అడిగాను. అడగడానికి నాకు అంతకంటే మాట దొరకలేదు.

"బాగుందండి. ఇబ్బందేం లేదండి."

పాళెంలో మేము ఆ 'అండి' నెల్లూరు నుంచి వచ్చే ఆఫీసర్ల దగ్గర వాడతాం, బ్యాంకులో వాడతాం. వాడి నోటి నుంచి నా కోసం అది వస్తుందని ఏనాడూ అనుకోలేదు. చెయ్యి పట్టుకుందామని ముందుకు జరిగేలోపు వాడు పక్కకు తప్పుకుని వెనకవాడికి దారి ఇచ్చాడు.

వరసలో ఇంకా నలభై గడపలవాళ్ళు ఉన్నారు. ఒక్కొక్కరే వచ్చి నా పేరు పెట్టి పిలిచారు. అందరికీ పలికాను.